మూడు నిమిషాల వీడియో వెనక ఉన్న పాఠం

మే నెలలో ఎండలు ఎందుకు మండిపోతాయి? ఎవరిని అడిగినా ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది సంక్రాంతికి పది రోజుల ముందు, జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా వెళ్లేది జులై మొదటి వారంలో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లకు. 1987లో అమెరికాలో తీసిన 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే డాక్యుమెంటరీ ఈ ప్రశ్నతోనే పేరు తెచ్చుకుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం రోజున పట్టభద్రులను, పూర్వ విద్యార్థులను, అధ్యాపకులను ఆపి రుతువుల గురించో చంద్రకళల గురించో అడిగారు. 23 మందిలో 21 మంది సరైన కారణం చెప్పలేకపోయారు.

వాళ్లంతా ఈ పాఠం చదువుకున్నవాళ్లే. మన హైస్కూలు పిల్లలు కూడా భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. అదే విద్యార్థి చేతికి ఫోను ఇచ్చి, "మీ చెల్లికి అర్థమయ్యేలా మూడు నిమిషాల్లో చెప్పి వీడియో తియ్యి" అనండి. రెండో వాక్యం దగ్గరే తడబాటు మొదలవుతుంది. అక్షం వంగితే ఎండ ఎందుకు పెరగాలి? వంగిన వైపు సూర్యుడికి కాస్త దగ్గరవుతుందనా? భూమి వ్యాసమే 12,700 కిలోమీటర్ల చిల్లర. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో అది లెక్కలోకి రాదు. మరి? ఆ చెల్లి అడిగే "మరి?" దగ్గర విద్యార్థి మళ్లీ పుస్తకం తీయాలి. టార్చిలైటును నోట్సు మీద నిటారుగా వేసి, తర్వాత ఏటవాలుగా వేసి, వెలుగు ఎంత మేర పరుచుకుంటుందో చూడాలి. పగలు ఎన్ని గంటలు ఉంటుందో లెక్కేయాలి.

విద్యార్థులతో సైన్స్ వీడియోలు తీయించే పోటీలు ఇప్పుడు చాలా చోట్ల జరుగుతున్నాయి. జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28న వస్తుందంటే వ్యాసరచన, క్విజ్‌ల సరసన వీడియో పోటీ కూడా ప్రకటనలో కనిపిస్తోంది. ఈ పోటీల విలువ ఎక్కడుందో నిర్వాహకులే సరిగా గుర్తించడం లేదని నా అభిప్రాయం. వచ్చిన వీడియోలను అందరికీ చూపించి సైన్స్ ప్రచారం చేద్దామనుకుంటారు. కానీ పరిశోధనలు మరో వైపు చూపిస్తున్నాయి.

యూట్యూబ్‌లో 'వెరిటాసియం' చానల్ నడిపే డెరెక్ ముల్లర్ ఆ పనిలోకి రాకముందు ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. భౌతికశాస్త్ర వీడియోలు చూసి విద్యార్థులు ఎంత నేర్చుకుంటున్నారన్నదే ఆయన పీహెచ్‌డీ అంశం. న్యూటన్ నియమాలను చక్కగా, సూటిగా, తప్పులు లేకుండా వివరించే వీడియో ఒకటి తయారుచేశారు. చూసిన విద్యార్థులు "చాలా స్పష్టంగా ఉంది, బాగా అర్థమైంది" అన్నారు. పరీక్ష పెడితే 26 మార్కులకు అంతకుముందు సగటున 6 వస్తే, వీడియో చూశాక 6.3 వచ్చింది. మరో వీడియోలో మాత్రం ఇద్దరు మాట్లాడుకుంటారు. ఒకరు విద్యార్థులకు సాధారణంగా ఉండే తప్పుడు అభిప్రాయాలను బయటపెడతారు, చర్చలో అవి ఒక్కొక్కటిగా వీగిపోతాయి. ఇది చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు. మార్కులు మాత్రం 11 దాకా పెరిగాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. తెలిసిన విషయమే చెబుతున్నారనుకుంటే మనసు శ్రద్ధ పెట్టదు. తలలో ఉన్న పాత అభిప్రాయాన్ని ఎవరూ కదిలించకపోతే, విన్న కొత్త మాటలు దాని పక్కనే సర్దుకుంటాయి. పైకి విసిరిన బంతి సంగతే తీసుకోండి. చేయి వదిలాక కూడా "చేతి బలం" బంతితో పాటు పైకి వెళుతుందని, అది అయిపోయాక బంతి కిందికి వస్తుందని చాలామంది అనుకుంటారు. గాలి ప్రభావాన్ని పక్కన పెడితే, చేతిని వదిలిన క్షణం నుంచి బంతి మీద పనిచేసేది భూమి ఆకర్షణ ఒక్కటే. పైకి వెళ్లేటప్పుడూ, శిఖరాన ఒక్క క్షణం ఆగినప్పుడూ, దిగేటప్పుడూ అదే బలం. ఈ మాటను ఎంత స్పష్టంగా చెప్పినా పాత నమ్మకం కదలదు.

అందుకే చూడటం కంటే తీయడం ఎక్కువ నేర్పుతుంది. 2002లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోజెన్‌బ్లిట్, కీల్ ఒక చిన్న ప్రయోగం చేశారు. జిప్పు, తాళం, కుట్టుమిషను వంటివి ఎలా పనిచేస్తాయో మీకు ఎంత తెలుసో అంచనా వేసుకోండని అడిగారు. జనం ధీమాగా ఎక్కువ వేసుకున్నారు. తర్వాత, అది ఎలా పనిచేస్తుందో మెట్టు మెట్టుగా రాయమన్నారు. రాశాక మళ్లీ అంచనా అడిగితే తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. వివరించాల్సి వచ్చినప్పుడే లోపల ఉన్న ఖాళీ కనబడుతుంది. నెదర్లాండ్స్‌లో విన్సెంట్ హూగర్‌హైడె బృందం 2014లో ఈ విషయాన్ని కెమెరాతోనే పరీక్షించింది. ఒక పాఠాన్ని మళ్లీ చదువుకున్నవాళ్ల కంటే, ఎదురుగా లేని తోటి విద్యార్థికి కెమెరా ముందు వివరించినవాళ్లు దాన్ని కొత్త సమస్యలకు బాగా అన్వయించగలిగారు. అంటే పోటీకి వచ్చిన వీడియోను ఎవరూ చూడకపోయినా, తీసిన విద్యార్థికి లాభం అప్పటికే ముట్టినట్టే.

తెలుగు నేలకు విద్యా వీడియోలతో చాలా పాత పరిచయం ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఇస్రో, ఆకాశవాణి కలిసి నడిపిన సైట్ ప్రయోగంలో నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఆ తర్వాత దూరదర్శన్ పాఠాలు, మన టీవీ, టీ-శాట్, దీక్ష వేదిక, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే వీడియో. సాంకేతికత ఎంత మారినా ఒక్కటి మారలేదు: పెద్దలు చెబుతారు, పిల్లలు చూస్తారు. ఈ వరస తిరగబడటానికి కావలసిన కెమెరా ఇళ్లలోకి వచ్చి పదేళ్లే అయింది.

పెద్ద పోటీలూ ఉన్నాయి. 13 నుంచి 18 ఏళ్ల వారికి 2015లో మొదలైన అంతర్జాతీయ 'బ్రేక్‌త్రూ జూనియర్ ఛాలెంజ్'లో గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రాల్లో ఒక కఠినమైన అంశాన్ని రెండు మూడు నిమిషాల్లో వివరించాలి. గెలిచిన విద్యార్థికి 2,50,000 డాలర్ల ఉపకార వేతనం, ఉపాధ్యాయుడికి 50,000 డాలర్లు, బడికి 1,00,000 డాలర్ల విలువైన ప్రయోగశాల. 2018లో బెంగళూరు విద్యార్థి సమయ్ గోదిక మన శరీరంలోని రోజువారీ గడియారం మీద తీసిన వీడియోతో దీన్ని గెలిచాడు. 2023లో అతని చెల్లెలు సియా కణాలను తిరిగి మూల కణాల స్థితికి తెచ్చే యమనక కారకాల మీద వీడియో తీసి గెలిచింది. ఒకే ఇంటికి రెండుసార్లు! మన దగ్గర 2011లో విజ్ఞాన్ ప్రసార్ మొదలుపెట్టిన జాతీయ విజ్ఞాన చలనచిత్రోత్సవంలోనూ విద్యార్థుల చిత్రాలకు విడిగా చోటిచ్చారు.

ఇవి గొప్పవే. కానీ మండల కేంద్రంలో ప్రభుత్వ బడి విద్యార్థికి వాటి మెట్టు ఎత్తుగా ఉంటుంది. భాష, యానిమేషన్, ఎడిటింగ్, నెలల తీరిక, అన్నీ కావాలి. స్థానిక పోటీ చేయగలిగే పని వేరే ఉంది. దాన్ని వదిలేసి చాలా స్థానిక పోటీలు పెద్ద పోటీకి నకలుగా తయారవుతున్నాయి. అలాంటి వీడియోల పోకడ మీకూ తెలిసే ఉంటుంది. గిర్రున తిరిగే గెలాక్సీ బొమ్మ, దడదడలాడే సంగీతం, ఆ తర్వాత పాఠ్యపుస్తకంలోని నిర్వచనం ఊపిరి తీసుకోకుండా అప్పగింత, చివర్లో సబ్‌స్క్రైబ్ చేయమని విన్నపం. బహుమతి ఎడిటింగ్ బాగున్నదానికి వెళుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ ఉపకరణాలు వచ్చాక స్క్రిప్టు, గొంతు, బొమ్మలు అన్నీ అడగగానే తయారవుతున్నాయి. అలా చేసిన వీడియోలో సైన్స్ తప్పులు లేకపోవచ్చు. కానీ అందులో విద్యార్థి ఎక్కడున్నాడు?

మరి ఫోను ఒక్కటే ఉన్న పిల్లలు ఏం తీయగలరు? భౌతికశాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఫోను వీడియో అంటే సెకనుకు సాధారణంగా 30 ఫొటోలు. అంటే మీ జేబులో ఉన్నది సెకనులో 30వ వంతును కొలిచే గడియారం. గోడ మీద సున్నంతో 1.25 మీటర్ల ఎత్తున గీత గీసి, అక్కడి నుంచి బంతిని వదిలి వీడియో తీయండి. ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుపుతూ లెక్కిస్తే నేల తాకడానికి సుమారు 15 ఫ్రేములు పడుతుంది. అంటే అర సెకను. ఎత్తును రెట్టింపు చేసి కాలం వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం 10 వస్తుంది. పుస్తకంలో ఉన్న 9.8కి దగ్గరే. అసలు రుచి ఆ తర్వాత ఉంది. ఒక్క ఫ్రేమ్ తప్పు లెక్కపెడితే? 14 అయితే జవాబు 11.5, 16 అయితే 8.8. ఒకే ఒక్క ఫ్రేమ్‌కు ఇంత తేడా! అదే ఫోనులో స్లోమోషన్ ఉండి సెకనుకు 240 ఫ్రేములు తీయగలిగితే, ఒక ఫ్రేమ్ పొరపాటుకు తేడా రెండు శాతం దాటదు. కొలతలో దోషం అంటే ఏమిటో పుస్తకంలో ఒక పేజీ చదివితే రానిది ఇక్కడ వేళ్ల మీద తెలుస్తుంది. (ఒక జాగ్రత్త: చాలా ఫోన్లు మసక వెలుతురులో తమంతట తామే ఫ్రేముల సంఖ్య తగ్గించేస్తాయి. ఆరుబయట పగటి వెలుగులో తీయాలి.) బంతిని పైకి విసిరి తీస్తే ఇందాకటి "చేతి బలం" కథ కూడా తేలిపోతుంది. ఎక్కేటప్పుడు ఫ్రేముల మధ్య దూరం ఎంత చొప్పున తగ్గుతుందో, దిగేటప్పుడు అంతే చొప్పున పెరుగుతుంది. రెండు దిక్కులా పనిచేస్తున్నది ఒకే బలమని తెర మీదే కనబడుతుంది. ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే గ్రాఫు కూడా వస్తుంది, కానీ తొలిసారి చేత్తో లెక్కపెట్టడమే మేలు.

ఇంకొకటి, మన ప్రాంతానికే సొంతమైనది. కర్కట రేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిటారుగా పెట్టిన సీసా నీడ దాని కిందికే చేరిపోతుంది. దీన్ని నీడలేని రోజు అంటున్నారు. తిరుపతిలో అది ఏప్రిల్ 26 ప్రాంతంలో, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, ఆదిలాబాద్‌లో మే 18-19 ప్రాంతంలో వస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడు హైదరాబాద్‌కు ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ. యూరప్‌లోనో అమెరికా ప్రధాన భూభాగంలోనో ఉండే పిల్లలు ఈ వీడియో ఎంత కావాలన్నా తమ పెరట్లో తీయలేరు. మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని నేర్చుకున్న పిల్లవాడు, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో హైదరాబాద్‌లో సీసా పెడితే నీడ దక్షిణానికి పడి ఉంటుంది. అక్కడ పుట్టే ప్రశ్నలు చూడండి. ఆగస్టులోనూ సూర్యుడు నడినెత్తినే ఉన్నాడు కదా, మే నెలంత ఎండ ఎందుకు లేదు? జవాబు ఖగోళంలో లేదు, రుతుపవన మేఘాల్లో ఉంది. 'సూర్యుడు దగ్గరవుతాడు' అనే పాత జవాబు ఇంత దూరం వచ్చాక నిలబడలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. భ్రమణం, పరిభ్రమణం అన్న మాటల్లో ఏది తన చుట్టూ తాను తిరగడమో, ఏది సూర్యుడి చుట్టూ తిరగడమో తడుముకోకుండా చెప్పగలిగిన పెద్దలు ఎందరు? ద్రవ్యరాశికీ బరువుకూ తేడా? తెలుగు మాధ్యమం పిల్లలు సంస్కృత పదాన్ని, ఇంగ్లిష్ మాధ్యమం పిల్లలు ఇంగ్లిష్ పదాన్ని కంఠస్థం చేస్తారు. ఇద్దరిదీ ఒకే ఇబ్బంది. అదే విషయాన్ని అమ్మమ్మకు చెప్పాలంటే మాట వెతుక్కోవాలి. బొంగరం తన కాలి మీద తాను తిరుగుతూనే నేల మీద గుండ్రంగా చుట్టేస్తుంది కదా, అట్లా అని చెప్పిన పిల్లకు రెండు తిరగడాలూ వేరని అర్థమైనట్టే. స్థానిక పోటీలో వాడుక తెలుగులో చెప్పమనడం పిల్లలకు ఇచ్చే రాయితీ అనుకోకూడదు. పారిభాషిక పదం వెనక దాక్కోకుండా చేసే కఠినమైన నియమం అది.

పోటీ ఎలా పెట్టాలన్నదానికి మన దేశంలో ఒక మంచి నమూనా ఇప్పటికే ఉంది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్యను తీసుకుని అధ్యయనం చేసి, దాన్ని న్యాయనిర్ణేతల ముందు వివరించి, వాళ్ల ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబులు చెబుతారు. వీడియో పోటీల్లో ఈ చివరి మెట్టే లోపిస్తోంది. లింకు పంపితే చాలు, ముఖాముఖి ఉండదు. వీడియో చూశాక జట్టును పిలిచి ఐదు నిమిషాలు ప్రశ్నలు అడిగితే ఎవరు అప్పగించారో, ఎవరు అర్థం చేసుకున్నారో తెలిసిపోతుంది. కృత్రిమ మేధ బెంగ కూడా చాలా వరకు తీరుతుంది. నేనైతే మరొకటి కూడా అడుగుతాను: చివరి వీడియోతో పాటు మొదటి రోజు తీసిన వీడియో కూడా ఇవ్వాలి. మొదటి దానిలో ఏం తప్పు చెప్పారు, ఎలా దిద్దుకున్నారన్నదానికి మార్కులు. ముల్లర్ పరిశోధనలో పనిచేసిన మందు అదే కదా. తప్పు దాచితే మార్కులు తగ్గుతాయంటే పిల్లలు దాన్ని దాచరు.

నిడివి మూడు నిమిషాలు, మరీ అయితే ఐదు. 2014లో ఎడ్‌ఎక్స్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించినప్పుడు, వీడియో ఎంత పొడవున్నా చూసేవాళ్లు సగటున ఆరు నిమిషాలు దాటి నిలవలేదని తేలింది. ఖరీదైన స్టూడియోలో తీసినవాటి కంటే ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టున్నవే ఎక్కువసేపు నిలబెట్టగలవని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఎడిటింగ్‌కు మార్కులు ఎత్తేయడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మాట మాత్రం స్పష్టంగా వినబడాలి. ఫ్యాన్ ఆపేసి, ఇయర్‌ఫోన్ మైకును కాలరుకు తగిలిస్తే చాలు.

ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 54 శాతం మందికే తాము వాడుకునే సొంత మొబైల్ ఉంది. ఇంటి ఫోను అన్నయ్య దగ్గరుంటే చెల్లెలు పోటీలోకి ఎలా వస్తుంది? జట్టుకు ఒక ఫోను బడి నుంచే, బడి వేళల్లోనే ఇవ్వగలిగితే సగం అడ్డంకి తొలగుతుంది. జట్టులో అబ్బాయి కెమెరా పట్టుకుని అమ్మాయి నవ్వుతూ చదివేసే ఏర్పాటు కాకుండా, ప్రతి ఒక్కరూ తీయాలి, ప్రతి ఒక్కరూ చెప్పాలి అని నియమం రాయాలి. 18 ఏళ్ల లోపు పిల్లల ముఖం, పేరు, బడి వివరాలు బయట పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ముఖం కనబడకుండా చేతులు, ప్రయోగం మాత్రమే చూపించిన వీడియోకు మార్కులు తగ్గకూడదు. సూర్యుడి వైపు నేరుగా చూడటం, ఇంటి కరెంటుతో ప్రయోగాలు, ఆమ్లాలు, మంటలు వద్దని మొదటి పేజీలోనే ఉండాలి. వ్యూస్‌ను బట్టి బహుమతి ఇచ్చే పద్ధతి ఉంటే మాత్రం ఈ నిషేధాలు ఎవరూ పట్టించుకోరు.

ఇలాంటి పోటీని రెండు జిల్లాలు కలిసి పెడితే తీయించదగిన వీడియో ఒకటుంది. హైదరాబాద్, విశాఖపట్నం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. నీడలేని రోజు రెండు చోట్లా మే 9 నుంచి 11 మధ్యే వస్తుంది. ఆ రోజుల్లో విశాఖలో సీసా నీడ అతి చిన్నదయ్యేది సుమారు 11.53కు. హైదరాబాద్‌లో 12.12కు. మధ్య తేడా 19 నిమిషాలు. రెండు నగరాల మధ్య తూర్పు పడమర దూరం సుమారు 500 కిలోమీటర్లు. అక్కడో జట్టు, ఇక్కడో జట్టు ఫోన్లు పెట్టుకుని, తెర మీద గడియారం కనబడేలా నీడను తీసి, దూరాన్ని కాలంతో భాగిస్తే గంటకు దాదాపు 1,600 కిలోమీటర్లు వస్తుంది. మన అక్షాంశం దగ్గర భూమి తన చుట్టూ తాను తిరుగుతున్న వేగం అది. ఖర్చు రెండు సీసాలు. మబ్బు పట్టకపోతే ఒక్క మధ్యాహ్నం చాలు, పట్టినా మరుసటి రోజు ప్రయత్నించవచ్చు, నీడలో తేడా కంటికి ఆనదు.